శవం నవ్వి లేవాలి

పోయిన నెల జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో, మా అమ్మాయి వయసున్న డాక్టరమ్మ నా జబ్బు పేరు కాగితం మీద రాసి చూపించింది. నార్కోలెప్సీ అట. పట్టపగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తుందట, గట్టిగా నవ్వితే కాళ్లూ చేతులూ పట్టుతప్పి కూలిపోతారట, బద్ధకం కానే కాదట. అరవై రెండేళ్లకి తెలిసింది. బయటికొచ్చి చూస్తే, ఒకప్పుడు నేను శవంగా పడుకున్న బంగళా ఉన్నచోట కార్ల షోరూం కనిపించింది.

మన వయసువాళ్లకి గుర్తుండే ఉంటుంది, సినిమా పిచ్చితో రైలెక్కి వచ్చినవాళ్లందరం యూసుఫ్‌గూడ చుట్టుపక్కలే చేరేవాళ్లం. నన్ను భీమవరం నుంచి రప్పించి, రహమత్ నగర్‌లో తన గదిలో చోటిచ్చి, జూనియర్ ఆర్టిస్టుల్లో చేర్చింది మా అక్క మొగుడు, అంటే మా బావ. గుంపులో నిలబడటమే పని, అదే నాకు చేతనయ్యేది కాదు. పెళ్లి సీనులో అక్షింతలు పట్టుకుని నిద్రపోయేవాణ్ణి, కోర్టు సీనులో తీర్పు చదువుతుంటే గురకపెట్టేవాణ్ణి. ఓసారి కునుకు తీసి లేచేసరికి కళ్లు తెరుచుకోలేదు. మీసాలంటించే జిగురు రెప్పలకి పూశారు. యూనిట్ అంతా పడీపడీ నవ్వారు, అందరికంటే ముందు మా బావే నవ్వాడు.

ఒక్క మాటున్న వేషమైనా వెయ్యాలని నా ఆశ. ఆ బంగళాలో అది దాదాపు దొరికింది కూడా. హీరో స్నేహితుడి శవంగా పడుకోబెట్టి, ముక్కులో దూది పెట్టి, మెడలో దండ వేశారు. తల్లి వేషం వేసినావిడ నా గుండెల మీద పడి మూడు టేకులు ఏడ్చినా నేను కదల్లేదు, ఎందుకంటే నిజంగానే నిద్రపోయాను. డైరెక్టరుగారు మెచ్చుకుని, తర్వాతి షెడ్యూల్లో వాచ్‌మన్ వేషం, రెండు డైలాగులు ఇస్తానన్నారు.

అయితే శవం వేషం వేసినవాడు లేచి కెమెరా వైపు చూసి నవ్వాకే సెట్టు దాటాలి, అది మా సినిమావాళ్ల ఆనవాయితీ. నవ్వకపోతే ఆ చావు నిజమవుతుందని భయం. రెండు డైలాగుల సంతోషంలో నేను మనసారా నవ్వాను. నవ్వగానే దవడ జారింది, మోకాళ్లు వంగిపోయాయి, దండతో సహా కెమెరా ముందే కూలబడ్డాను. ఒళ్లు కదలదు గానీ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు.

"నవ్వుకుంటనే సచ్చిండేందిరా, జల్ది గుమ్మడికాయ పట్కరాండ్రి. వీన్ని ఎవడు పట్కొచ్చిండు?" అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు.

"నాకు తెలీదండీ, గుంపులో వచ్చాడు" అన్నాడు మా బావ.

నిమిషంలో తేరుకున్నాను. అప్పటికే దిష్టి తీసిన గుమ్మడికాయ నా పక్కన పగిలి ఉంది, నన్ను గేటు దాకా సాగనంపడానికి ఇద్దరు సిద్ధంగా ఉన్నారు. ఆ అపశకునం కబురు నాకంటే ముందే అన్ని సెట్లకీ చేరింది, మళ్లీ ఎవరూ పిలవలేదు. మధురానగర్‌లో ఒక టైలరు దగ్గర గుండీలు కుట్టే పనికి కుదిరాను. నిద్రలో సూది గుచ్చుకుంటే మెలకువ వచ్చేది. టీకొట్టు దగ్గర మాత్రం పనిలేనివాళ్లు నన్ను పడేసి చూద్దామని జోకులు చెప్పేవాళ్లు. దాంతో నవ్వడమే మానేశాను. పెళ్లయింది, కూతురు పుట్టింది, దాని పెళ్లీ అయింది. ఒక్క ఫోటోలోనూ నేను నవ్వలేదు. నా నిద్ర సంగతి మా ఆవిడకి తెలుసు గానీ, కూలిపోయే సంగతి చెప్పలేదు. చెబితే తనూ వాళ్లలాగే వినోదం చూస్తుందేమోనని భయం.

ఇప్పుడు సెట్టులో ఎవరైనా పడిపోతే అంబులెన్సు వస్తుందట. పోయిన వారం మళ్లీ చూపించుకుంటే, మాత్రలు పనిచేస్తున్నాయి, ఇక భయం లేకుండా నవ్వొచ్చంది డాక్టరమ్మ. ఇంటికెళ్లి మా ఆవిడకి మొత్తం చెప్పేశాను. ఆవిడ బట్టలు మడతపెడుతూనే విని, "నేనంటే ఇష్టం లేక నవ్వరనుకున్నానండీ. ఓ రెండేళ్లు చూసి నేనూ మానేశాను" అంది.

ఈ వారంలో రెండుసార్లు నవ్వాను, పడలేదు. నవ్వినప్పుడల్లా ఆవిడ ఏమైందోనని వంటింట్లోంచి తొంగి చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోతోంది. పెళ్లయిన కొత్తలో ఆవిడ నవ్వు ఎలా ఉండేదో గుర్తుతెచ్చుకుందామని చూస్తున్నాను, గుర్తురావడం లేదు.