గౌరి బొటనవేలితో తెరుచుకున్న యాప్

కాన్పులో చావు తప్పి బయటపడ్డ ఆడవాళ్ళు తమ భయాన్ని మాటల్లో చెప్పుకుంటే, కౌన్సెలర్ విని ఫోన్ చేసే యాప్ ఒకటి తయారు చేశాను. వాళ్ళ ఇళ్ళల్లో అందరిదీ ఒకటే ఫోన్, పిన్ నంబరు అందరికీ తెలుసు. అందుకని వేలిముద్ర తాళం పెట్టాను. అది పనిచేస్తుందో లేదో చూడటానికే ఈ ప్రయాణం.

విశాఖలో 6:10కి రైలెక్కాను. సంచిలో రెండు ఛార్జర్లు, ప్రశ్నల కాగితాలు, గొడుగు. ఎదురు సీటు పెద్దావిడ నా పనేమిటో అడిగి తెలుసుకుంది.

"పెళ్ళయిందేటి బాబూ?"

"లేదండీ."

"మరి పురుడు సంగతి నీకేటి తెలుసు?"

నౌపడా స్టేషన్ దాటేదాకా నా ప్రశ్నల కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాను.

10:05కి పలాస. ఇడ్లీ తిని, కాశీబుగ్గలో 10:40 బస్సెక్కి, దిగాక ఆటోలో ఉద్దానం పల్లెకు చేరాను. ఆశా కార్యకర్త సరోజ గారు నన్ను గౌరి ఇంటికి తీసుకెళ్ళారు.

గౌరి అరుగు మీద జీడిపిక్కలు కొడుతోంది. ఐదు నెలల కిందట కాన్పులో రక్తం ఆగక అంబులెన్సులో స్పృహ తప్పిందట. ఇప్పటికీ సైరన్ వినిపిస్తే వణుకు. వాళ్ళింటి ఫోన్‌లో యాప్ ఎక్కించి చూపించాను.

"అత్తకి సెప్తే, పిల్లడు బాగున్నాడు కదేటే అంటాది," అంది గొంతు తగ్గించి. "ఇందులో సెప్తే అత్తకి తెలవదు కదా?"

"తెలియదు," అని ధీమాగా వేలు పెట్టమన్నాను. యాప్ ఒప్పుకోలేదు. వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. పది వేళ్ళూ అయిపోయాయి.

సరోజ గారు నవ్వారు. "జీడి రసం తినేసిన ఏళ్ళు బాబూ, గీతలెక్కడుంటాయి? రేషన్ కాడా ఇదే గోల. కాలి ఏలు సూడు."

"లచ్చిందేవిని కాలితోనా!" అంది గౌరి. అయినా బొటనవేలు ఆనించింది. నమోదైంది. తాళం తెరుచుకుంది. వెంటనే ఫోన్‌ను కళ్ళకద్దుకుంది. మళ్ళీ తాళం, మళ్ళీ కాలు, మళ్ళీ కళ్ళకద్దుకోవడం. మూడోసారికి నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏటే ఆ ఇకఇకలు?" లోపల్నుంచి అత్త.

"ఏటీ నేదత్తా, పిక్క ఎగిరి కాలి మీద పడింది."

1:20కి బాబును సరోజ గారికిచ్చి, ఫోన్ పట్టుకుని కొబ్బరితోటలోకి వెళ్ళింది. మూడు నిమిషాలు మాట్లాడుతుందని నా అంచనా. వచ్చేసరికి 2:02. కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇంకా ఉంది బాబూ," అంది.

తిరుగు రైలు 4:15కి. ఇటు వచ్చేవాళ్ళకు నా సలహా: వేలిముద్ర తాళాన్ని నమ్ముకోకండి, పెద్దవాళ్ళ ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకోండి. ఆడవాళ్ళ మాటలు కౌన్సెలర్ తప్ప ఎవరూ వినలేరు. నాకు కనిపించేది తాళం తెరిచిన సమయం ఒక్కటే. నౌపడా దాటాక చూశాను. గౌరి 5:02కి మళ్ళీ తెరిచింది. ఆ వెంటనే కళ్ళకద్దుకునే ఉంటుంది. దాన్ని నమోదు చేసే ఏర్పాటు నా యాప్‌లో లేదు.