ఆంట్, స్టెప్‌మదర్: ఒక పిన్ని

2022లో నేను అమీర్‌పేటలోని ఒక స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. ప్రతి బ్యాచ్ చివర ‘ఫ్యామిలీ డే’ పెట్టేవాళ్లం. విద్యార్థులు ఇంటివాళ్ల ముందు సెల్ఫ్ ఇంట్రడక్షన్, అంటే ఇంటర్వ్యూలో తమ గురించి చెప్పుకునే నాలుగు మాటలు, అప్పజెప్పాలి. ఆ బ్యాచ్‌లో ఎర్రమంజిల్ నుంచి మౌనిక వచ్చేది. ఆమె గురించి నేను రాసిన ఒక అబద్ధాన్ని ఇప్పుడైనా సరిచేయాలి.

మౌనిక తన కాగితంలో ‘మై ఆంట్ బ్రాట్ మి అప్’ అని రాసుకొచ్చింది. ఆంట్ నన్ను పెంచింది అని.

“ఆంట్ అంటే ఎవరమ్మా, మేనత్తా?”

“కాదు సార్, పిన్ని. మా అమ్మ చెల్లెలు. అమ్మ చనిపోయినంక నాన్న ఆమెను చేసుకున్నడు.”

“అయితే స్టెప్‌మదర్ అనాలి. ఆంట్ అంటే వేరే ఇంటి మనిషి అనుకుంటారు.”

“గట్లంటే మంచిగనిపిస్తలేదు సార్.”

“ఇంగ్లీషుకి మన మొహమాటాలు ఉండవమ్మా.”

క్లాసంతా నవ్వింది. నేను ‘ఆంట్’ కొట్టేసి ఎర్ర ఇంకుతో ‘స్టెప్‌మదర్’ అని రాశాను.

ఫ్యామిలీ డే నాడు ఆమె పిన్ని యాదమ్మ పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో ఆయా డ్యూటీ దిగి, యూనిఫాంతోనే వచ్చి ముందు వరసలో కూర్చుంది. మౌనిక స్టేజీ ఎక్కినప్పటి నుంచి యాదమ్మ మొహం నిండా నవ్వే. ‘మై స్టెప్‌మదర్’ అనగానే ఆ నవ్వు పోయింది. మౌనిక అది చూసింది. తర్వాతి మాట రాలేదు. దిగి వెళ్లిపోయింది. నేను ఆమె ఫీడ్‌బ్యాక్ షీట్‌లో, కంపెనీలకు మేం పంపే కాగితంలో, ‘స్టేజ్ ఫియర్’ అని రాసి సంతకం పెట్టాను.

నాలుగు రోజులు ఆమె రాలేదు. ఐదో రోజు వాళ్లింటికి వెళ్లాను. యాదమ్మ కుర్చీ వేసి చాయ్ ఇచ్చింది.

“సార్, దవాఖానల ఫారాలు నింపెటప్పుడు గా స్టెప్‌మదరన్న మాట ఇంటుంట. జర తెలుగుల చెప్పుండ్రి.”

సవతి తల్లి. ఆ రెండు మాటలు ఆమె ముందు నా నోట రాలేదు. ఆమె చూసి చూసి, “మీకు సుత వస్తలేదు. మా పొల్ల ఎట్లంటది?” అంది.

“నేను అననని చెప్పిన పిన్నీ, సారే...” లోపల్నుంచి మౌనిక గొంతు.

“ఊకో బిడ్డా. సార్‌ను చాయ్ తాగనియ్యి.”

“తప్పు నాదమ్మా,” అన్నాను. మర్నాడు ఇన్‌స్టిట్యూట్ ఆఫీసులో షీట్ మారుస్తానని అడిగితే అప్పటికే పంపేశామన్నారు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు.

ఆంట్ అంటే అమ్మ చెల్లెలు కావచ్చు, స్టెప్‌మదర్ అంటే నాన్న మళ్లీ చేసుకున్న మనిషి. యాదమ్మకు రెండూ సరిపోతాయి. ఏది అనాలో మౌనిక నాకంటే ముందే ఆలోచించుకుని వచ్చింది. ఎవరైనా తమవాళ్ల గురించి ఒక మాట ఎంచుకుంటే, దిద్దే ముందు అదే ఎందుకని ఇప్పుడు అడుగుతున్నాను.

ఆ రోజు మౌనికకు స్టేజీ అంటే భయం లేదు. ఇంకో మాట మాట్లాడితే పిన్ని ఇంకా నొచ్చుకుంటుందని ఆగిపోయింది.