పది నిమిషాలు ముందున్న గడియారం

కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులవి. రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఒక యూనిట్‌కి ప్రింటర్ చూడ్డానికి వెళ్లాను. అక్కడి కంప్యూటర్లన్నీ పది నిమిషాలు ముందున్నాయి. ఒకదాన్ని సరిచేస్తే, కాసేపటికి మళ్లీ ముందుకే దూకింది. నెట్‌వర్క్‌లో అన్నీ ఓనరు గదిలోని కంప్యూటర్ నుంచే టైము తీసుకుంటున్నాయని కనిపెట్టి తెగ మురిసిపోయాను.

"ఓనరన్న వచ్చినాక అడుగుదాంలేప్పా," అన్నాడు సూపర్‌వైజర్.

"టైముకి అడిగేదేముందన్నా?" అంటూ ఓనరు కంప్యూటర్‌లో టైము సరిచేసేశాను.

సాయంత్రం ఆ టైము ప్రకారమే పని వదిలే బెల్లు కొట్టారు. కుట్టుపని ఆడవాళ్లు రోడ్డు మీదికి పరుగెత్తి, ఉసూరుమంటూ తిరిగొచ్చారు. వాళ్ల పల్లెలకు పోయే ఆఖరి బస్సు వెళ్లిపోయింది. "ఇంటికాడ చంటిబిడ్డ ఉండాది," అంటూ ఒకామె గేటు దగ్గరే కూలబడింది.

అప్పుడే వచ్చిన ఓనరు కంప్యూటర్ వంక, నా వంక చూశాడు. "ఆడోళ్లకు బస్సు అందాలని నేనే ముందుకు పెట్టినానప్పా," అని మాత్రం అన్నాడు. సరుకు వేసే టెంపో పిలిపించి వాళ్లను ఎక్కించాడు.

సంచీతో గేటు దగ్గర నిలబడ్డ నన్ను చూసి, టెంపోలో ఆ బిడ్డతల్లి పక్కకు జరిగింది. "నీకూ బస్సు పాయనా అప్పా? రా, ఎక్కు."

ఎక్కలేకపోయాను.

ఇప్పుడు ఎక్కడైనా గడియారం ముందుంటే, ఎవరి కోసం పెట్టారని అడగందే దాని మీద చెయ్యి వెయ్యను.