కాలికి మాత్రమే మత్తు

మా అన్న వరి మడికి నీళ్లు పెట్టబోయి కోటగిరి దగ్గర కాలువ గట్టు మీద జారిపడ్డాడు. చీలమండ పైన రెండు ఎముకలూ విరిగాయి. నిజామాబాద్‌లో ఒక నర్సింగ్‌హోమ్‌లో చేర్చాం. బీడీలు తాగి తాగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి కాబట్టి పూర్తి మత్తు ప్రమాదమన్నాడు మత్తు డాక్టరు. స్కానింగ్ మిషన్‌లో నరాన్ని చూసుకుంటూ మోకాలి వెనక ఒక సూది, లోపలి పక్క ఇంకో సూది వేస్తారట. మోకాలి కింద మొద్దుబారుతుంది, మనిషి మెలకువగానే ఉంటాడు. కాకపోతే ఆలస్యం పనికిరాదు. వాపు పెరిగి చర్మం మీద బొబ్బలు లేస్తే రెండు వారాలు ఆగాలి, అప్పటికి ఎముక సరిగ్గా కూర్చోవడం కష్టం.

ఈ సంగతంతా ఇంట్లోవాళ్లకు చెప్పే పని నేనే మీదేసుకున్నాను. ముప్పై ఏళ్లు పేపర్లో వార్తలు రాసినవాణ్ని, విడమరచి చెప్పడం నాకు రాదా అనుకున్నాను.

మర్నాడు పొద్దున థియేటర్‌కు తీసుకుపోయే ముందు, ఏమైనా తిన్నారా అని నర్సు అడిగింది. అన్న గోడవైపు తిరిగాడు. రెండు ఇడ్లీలు, చాయ్ అని వదిన చెప్పింది. డాక్టరు ఫైలు మూసేశాడు. సూది సరిగా పనిచేయకపోతే పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తుంది, అప్పుడు తిన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆరు గంటలు ఆగాలి, ఈలోగా వాపు పెరిగితే తన చేతిలో ఏమీ లేదు అన్నాడు.

ఏమీ పెట్టొద్దని రాత్రి నర్సు చెప్పలేదా అని వదిన మీద విరుచుకుపడ్డాను.

"కాలు ఒక్కటే మొద్దువారుస్తరంటివి గద తమ్మీ. గా కడుపుకేమైంది?"

ఆ మాటకు నా కోపం ఇంకా పెరిగింది. ఇంక మాట్లాడొద్దని కసిరాను. ఆపైన మోస్రా నుంచి, బోధన్ నుంచి చుట్టాలు రావడం మొదలుపెట్టారు. ప్రతివాళ్ల చేతిలోనూ ఓ టిఫిన్ డబ్బా. ఒకాయనైతే, కొబ్బరినీళ్లు తిండి ఎట్లా అవుతుందని నాతో వాదానికి దిగాడు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని అందరినీ వెనక్కి పంపుతూ, మధ్యమధ్య ఆ కాలు చూస్తూ కూర్చున్నాను. దిండ్ల మీద ఎత్తిపెట్టిన పాదం చర్మం బిగిసి మెరుస్తోంది.

పన్నెండు దాటాక గదిలో మేమిద్దరమే మిగిలాం. అన్న నావైపు చూడకుండానే అన్నాడు.

"ఇడ్లీలు నేనే అడిగిన. సోయిల ఉండంగనే కోస్తరంటివి. గా సప్పుడు ఇనుకుంట ఎట్ల పండాలెరా?"

తింటే ఆపరేషన్ ఆగుతుందని ఆయనకు తెలుసు. తెలిసే తిన్నాడు. కాలు పోతే ఏం చేస్తావని అరవబోయి ఆపుకుని, మత్తు డాక్టరు గదికి నడిచి అన్న భయం చెప్పాను. మధ్యలో తెర కడతామని, కొంచెం మగతగా ఉండేందుకు మందు కూడా ఇస్తామని ఆయన చాలా మామూలుగా చెప్పాడు. ముందురోజే అడగాల్సిన మాట ఇది. ఆయనే గదిలోకి వచ్చి మంచం పక్కన నిలబడి అన్నకు ఇంకోసారి చెప్పాడు.

రెండింటికి ఎముకల డాక్టరు వచ్చి చీలమండ దగ్గర చర్మాన్ని వేళ్లతో దగ్గరికి నొక్కాడు. సన్నగా ముడత పడింది. ముడత పడుతోందంటే వాపు మించలేదు, బొబ్బలూ లేవు, తీసుకురండి అన్నాడు. నాలుగున్నరకు పని బాగా అయిందని కబురొచ్చింది.

వరండాలో కూర్చున్న వదిన దగ్గరికి వెళ్లి, పొద్దున అనవసరంగా అరిచానన్నాను. ఆయనే అడిగి తిన్నాడని తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీ అన్న భయపడ్డడని నలుగుట్ల ఎట్ల చెప్పుదు? నీకన్న చెప్తమంటె, నువ్వు మాట్లాడనిచ్చినవా?"

అంతలో స్ట్రెచర్ బయటికి వచ్చింది. మొద్దుబారిన కాలితో రేపటిదాకా మంచం దిగొద్దని నర్సు చెబుతోంది. ఈసారి నేను నోరు మూసుకుని విన్నాను.