ఇంటి జాడ రాసిన వారం

నా చిన్నప్పుడు మేము సౌదీలోని జిద్దాలో, బలద్ అనే పాతబస్తీలో, పగడపు రాళ్లతో కట్టిన ఒక పాతకాలపు ఇంటి పైఅంతస్తులో ఉండేవాళ్లం. చెక్క జాలీ కిటికీ పక్కన కూర్చుని మా పెద్దనాన్న వారానికొక తెలుగు పత్రిక రాసేవారు. పత్రిక అన్నది కాస్త పెద్ద మాటే. చేత్తో రాసిన ఒకే ఒక్క కాగితం, దానికి జిరాక్సులు. వాటిని మడతపెట్టేది నేను. ఆ మాత్రానికే ఉపసంపాదకురాలినని చెప్పుకొనేదాన్ని. చదవడం మాత్రం కూడబలుక్కునే. అనుమతి లేని పత్రిక గనుక, ఎక్కడ తయారవుతుందో అందులో ఎన్నడూ ఉండేది కాదు. చేతులు మారుతూ మన కూలీలుండే క్యాంపులకు చేరేది.

సౌదీవాళ్లకే ముందు ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ చట్టం వచ్చి, ఎంతమందికి ఇచ్చారన్నదాన్ని బట్టి కంపెనీలకు రంగులు వేసింది. మా మేనమామ కంపెనీకి ఎరుపు పడింది, అంటే అక్కడి పరదేశీల కాగితాలు ఇక చెల్లవు; మామయ్య ముఖం తెల్లబడింది. పైగా వీసా ఇచ్చి రప్పించిన కఫీల్ని వదిలి, చట్టానికి దొరక్కుండా అక్కడ పనిచేస్తున్నాడు. గడువులోగా జవాజాత్ అనే పాస్‌పోర్టుల ఆఫీసుకు వెళ్లి వేలిముద్ర వేస్తే ఊరికి పంపుతారు; గడువు దాటితే జైలు. వెళ్తే అక్కడే పట్టుకుంటారని మామయ్య భయం. మా ఇంట్లో దాక్కుని గుమ్మం దాటడమే మానేశాడు. ఆ భయం నాకూ అంటుకుంది. మెట్లమీద పిల్లి నడిచినా బూట్ల చప్పుడే వినిపించేది.

సరిగ్గా ఆ వారమే పెద్దనాన్న కాగితం అడుగున మా ఇంటి గుర్తులు రాశారు. ఆదివారం పొద్దున ఇక్కడికొస్తే అందరం కలిసి ఆఫీసుకు వెళ్దామని.

"ఏంది బావా, ఇంటి జాడ రాసినవు? పోలీసోళ్లకు దావత్ ఇచ్చినవా?" అన్నాడు మామయ్య.

"అందరం దాసుకుంటె ఎవలకు ఎవలు దొరుకుతరురా?" అన్నారు పెద్దనాన్న.

ఆదివారం తలుపు చప్పుడైంది. మామయ్య బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాడు. నేను గుడ్లమీది కోడిలా మిగిలిన కాగితాల మీద కూర్చున్నాను. పెద్దనాన్న లేచారు. ఆయన చేతులు వణుకుతున్నాయి. అది చూశాక నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ వణికే చేత్తోనే తలుపు తీశారు.

బయట చెమటలు కక్కుతూ ఒక మనిషి. "అన్నా, ఈడనేనా? ఒక్కన్నే పోవాల్నంటె కాళ్లాడ్తలేవు." ఆయన వెనక మెట్లనిండా మనుషులే.

బాత్రూం గడియ చప్పుడైంది. మామయ్య తొంగిచూశాడు. "అందరు నాలెక్కనే ఉన్నరు గద బావా," అంటూ చొక్కా తొడుక్కున్నాడు.

వాళ్లు సందు మలుపు తిరిగేదాకా జాలీలోంచి చూశాను. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకు మామయ్య, ఊరికి వెళ్లనిచ్చే ఎగ్జిట్ కాగితంతో తిరిగొచ్చాడు.

ఇన్నేళ్లొచ్చినా తలుపు చప్పుడైతే నా చేతులు వణుకుతాయి. వణుకుతూనే గడియ తీస్తాను. అవతల నాకంటే ఎక్కువ భయపడుతున్నవాళ్లు నిలబడి ఉండొచ్చు.