నేను పెట్టని క్లిప్పు

ముప్పయ్యేళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమె పోయింది. నరసరావుపేటలో ఈ ఒంటిగదిలో నా మాట వినేవాళ్ళు ఇంకెవరూ లేరు. అందుకే ముఖం తెలియని మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు. అప్పట్లో గుంటూరులో ఫిట్టరుగా ఉండేవాణ్ణి. గురజాల దగ్గర ఒక ఆసామి చిన్న ట్రాక్టరు తెప్పించుకున్నాడు. వెనక నాగలిని ఎత్తి దించే రెండు ఇనప చేతులు దానికి బిగించమని నన్ను పంపారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళకు అదే మొదటి ట్రాక్టరు. నేను పని చేస్తుంటే ఊరంతా చుట్టూ మూగింది.

దాన్ని నడపడానికి ఆసామి దేవదానాన్ని పెట్టాడు. అంతకుముందు అరక దున్నేవాడు. నేను చూపిస్తే రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. వాళ్ళ పేటలో స్టీరింగు పట్టిన మొదటి మనిషి. అతని అన్న యేసోబు నాగలి వెనక నడుస్తూ, చిక్కుకున్న గరిక లాగేసేవాడు.

ఒక్కో ఇనప చేతికి ఒక పిన్ను ఉంటుంది. అది జారిపోకుండా ఒక చిన్న క్లిప్పు. కుడివైపు బిగించాను. ఎడమవైపు క్లిప్పు నా వేళ్ళలోంచి జారి నల్లరేగడి నెర్రెలో పడిపోయింది. పుల్లతో గెలికాను. దొరకలేదు. అంతమంది చూస్తుండగా పారేసుకున్నానని చెప్పడానికి నామోషీ. ఇంకొకటి తెచ్చేదాకా నాగలి ఎత్తొద్దంటే సరిపోయేది. అనలేదు. సన్న ఇనప తీగ దూర్చి, మెలిపెట్టి, పైన గ్రీజు పూశాను. ఎందుకు పూశాను? తుప్పు పట్టకుండానా, కనపడకుండానా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా జవాబు ఒకటే.

దున్నడం మొదలైన మూడో రోజు పొద్దున, చేను చివర దేవదానం నాగలి ఎత్తి ఆపాడు. యేసోబు కింద వంగి గరిక లాగుతున్నాడు. తీగ తెగింది. పిన్ను జారింది. నాగలి ఒక పక్కకు ఒరిగి అతని కాలి మీద పడింది. ఆస్పత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు.

నేనింకా ఊళ్ళోనే ఉన్నాను. తెగిన తీగ దుక్కిలో కలిసిపోయింది; కుడివైపు క్లిప్పు ఉంది, ఎడమవైపు లేదు. ఆసామి అందరి ముందూ నన్నడిగాడు.

"ఏమయ్యా మేస్త్రీ, క్లిప్పు పెట్టావా లేదా?"

"పెట్టానండి. మడ్డి తుడిచేటప్పుడు ఇతను తీసుంటాడు."

దేవదానం నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఏదో గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా.

ఆ రోజే అతన్ని ట్రాక్టరు మీంచి దించేశారు. మర్నాడు నేను బస్సెక్కుతుంటే వెతుక్కుంటూ వచ్చాడు.

"నేనే తీసుంటా మేస్త్రిగారూ. ఎంత ఆలోచించినా గురుతు రావటంలా. నా మూలాన మీకు మాటొచ్చింది, ఏమనుకోమాకండి."

పర్లేదులే అన్నాను. ఆ మాట ఎలా వచ్చింది నా నోట? అబద్ధం భయంతో ఆడాననుకోవచ్చు. అతని దగ్గర క్షమాపణ తీసుకున్నానే, దానికేం పేరు పెట్టాలి?

కొన్నేళ్ళకు వేరే పని మీద ఆ ఊరు వెళ్ళాను. అన్నదమ్ములవి గోడవారగా ఇళ్ళు. ప్రమాదం జరిగిన నాటి నుంచీ యేసోబు తమ్ముడితో మాట్లాడడం లేదని ఎవరో చెప్పారు. నేను చూస్తుండగానే దేవదానం నీళ్ళ బిందె తెచ్చి అన్న గుమ్మం ముందు దించాడు. ఒక క్షణం నిలబడ్డాడు. అతను వెళ్ళాక, కర్ర చప్పుడు చేసుకుంటూ యేసోబు బయటికొచ్చాడు. నేను వీధి మొగలో ఉన్నాను. ఇరవై అడుగులు వేస్తే చాలు. వెనక్కి తిరిగి వచ్చేశాను.

మొదట్లో పని పోతుందని చెప్పలేదు. తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటారని చెప్పలేదు. అప్పట్నుంచీ ఎవరైనా నన్ను మంచివాడని నమ్మి దగ్గరికొస్తే నేనే దూరం జరిగాను. ఈ గదిలో నేనొక్కణ్ణే ఉండడం ఒక్కరోజులో జరిగింది కాదు.

ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ లేరు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్కటి మాత్రం రాయనివ్వండి. దేవదానం ఏమీ తీయలేదు. తీయడానికి అక్కడ క్లిప్పే లేదు.

రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.