పగడాల తొట్టికి అన్నభేది

నాకు తెలిసి మా అరకులో ఉప్పునీటి అక్వేరియాలు రెండే. ఒకటి మా ఇంట్లో ఉంది. రెండోది మా పక్కన లాడ్జి నడిపే ఆయన దగ్గరుంది. రెండూ ఒకే నెలలో, ఒకే వ్యానులో విశాఖపట్నం నుంచి ఘాట్ ఎక్కి వచ్చాయి. కొలతలు ఒకటే, పంపులు ఒకటే, సముద్రపు ఉప్పు ప్యాకెట్లు కూడా ఒకే రకం. అయినా ఏడాది తిరిగేసరికి ఆయన తొట్టి తోటలా తయారైంది. నాది మాత్రం ఆస్పత్రి వార్డులా ఉండేది.

మాది సాలూరు దగ్గర వ్యాపారస్తుల కుటుంబం. పాతికేళ్ల కిందట ఇక్కడికొచ్చి మెడికల్ షాపు పెట్టుకున్నాను. లాడ్జి ఆయనా మైదానం నుంచి వచ్చినవాడే. మా ఆవిడ ఆయన్ని అన్నయ్యా అంటుంది కాబట్టి మేమిద్దరం బావా అంటే బావా అనుకుంటాం. ఈ పిచ్చి పట్టించింది నేనే. మొదట నేను కొనుక్కుంటానంటే, అయితే నాకూ ఒకటి తెప్పించు అన్నాడు. అప్పటికి ఆయనకి పగడం ప్రాణమో రాయో కూడా తెలీదు. అది ప్రాణమని, వెలుతురు తిని బతుకుతుందని చెప్పింది నేను.

పైన తొట్టిలో పగడాలు, చేపలు ఉంటాయి. కింద బీరువాలో ఇంకో చిన్న తొట్టి ఉంటుంది. ఆ కింది తొట్టిలో సముద్రపు నాచు పెంచుతాం, పంపు రెంటి నీళ్లనీ కలిపి తిప్పుతుంది. చేపల మలినమంతా ఆ నాచు పీల్చుకుంటేనే పైన నీళ్లు తేటగా ఉంటాయి. దసరా వెళ్లాక నా నాచు పాలిపోవడం మొదలెట్టింది. ముందు చివర్లు పసుపెక్కాయి, తర్వాత తెల్లబడి, చేత్తో తాకితే ముక్కలుగా ఊడిపోయేవి. ఆయన నాచుకీ మొదట అలాగే అయింది. కానీ కార్తీకం వచ్చేసరికి ఆయనది గోంగూర మడిలా పచ్చగా ఎగదన్నింది. వారం వారం బకెట్ నిండా కోసి పారబోస్తున్నాడు.

పైగా ఆయన తొట్టి లాడ్జి ముందు గదిలో ఉంటుంది. వలిసె పూల కోసం వచ్చిన టూరిస్టులు సగం ఫోటోలు పొలాల్లో తీసుకుంటే, మిగతా సగం ఆ తొట్టి ముందు తీసుకునేవారు. నా తొట్టిని చూసేది నేనూ, గ్యాస్ బండ తెచ్చే మనిషీ. షాపు మూసి ఇంటికొస్తూ రోజూ లాడ్జిలోకి తొంగిచూసేవాణ్ని. ఆయన బాగుండకూడదని కాదు. నాకంటే బాగుండకూడదని. ఆ రెంటికీ తేడా ఉందని అప్పుడు గట్టిగా నమ్మేవాణ్ని.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఏం వేస్తున్నావు బావా నాచుకి?"

ఆయన అద్దం తుడుస్తూనే, "ఏటేస్తాను బావా? ఏటీ లేదు. కొందరి సెయ్యి అలాటిది" అన్నాడు. అని నవ్వాడు.

ఆ నవ్వుకి నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు. ఏదో వేస్తున్నాడు, నాకు చెప్పడం లేదు. పగడమంటే ఏమిటో నా దగ్గర నేర్చుకున్న మనిషి నా దగ్గరే దాస్తున్నాడు.

ఫోనులో వెతికాను. నాచు పాలిపోతే ఇనుము తక్కువైందని అర్థమని, కొందరు ఇంట్లోనే ఇనుము ద్రావణం కలుపుకుంటారని ఉంది. దేనితో, ఎలా అన్నది చదివే ఓపిక నాకు లేకపోయింది. ఇనుము అన్న మాట కనపడగానే నా కళ్లు షాపులో మూడో అరకి వెళ్లాయి. అక్కడ ఐరన్ టానిక్ సీసాలు వరసగా ఉన్నాయి. మందులమ్మే వాడికి ఒకడు చెప్పాలా అనుకున్నాను. మధ్యాహ్నం భోజనానికొచ్చినప్పుడు కింది తొట్టిలో రెండు మూతలు పోశాను. రంగేమీ మారలేదు. ధైర్యం వచ్చి ఇంకో మూత పోశాను. మా ఆవిడ వంటింట్లో ఉంది. ఆమెకి చెప్పలేదు. నాచు పచ్చబడ్డాక ఆయన్ని పిలిచి, ఏం వేశావని ఆయన చేత అడిగించుకోవాలని, కొందరి చెయ్యి అలాంటిదని అనాలని నా ఆలోచన.

మర్నాడు తెల్లారుతూనే మా ఆవిడ లేపింది.

"ఏటండీ, తొట్టిలో నీళ్లేటి ఇలగైపోనాయి? పాలు పోసినట్టున్నాయి."

వెళ్లి చూస్తే అవతలి గోడ కనపడటం లేదు. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పసుపు చేప ఒకటి అప్పటికే పక్కకి ఒరిగిపోయింది. టానిక్‌లో ఇనుము రవ్వంత, చక్కెర పాకం బోలెడు. ఆ తీపికి నీళ్లలో సూక్ష్మజీవులు రాత్రికి రాత్రి పెరిగిపోయి ఉన్న గాలంతా లాగేశాయి. ఆ పని చేసిన పదహారు గంటలకి గానీ నా మందుల చదువు నాకు గుర్తుకు రాలేదు.

నీళ్లు మార్చాలి. నా దగ్గర కలిపి ఉంచిన ఉప్పునీళ్లు ఒక్క బకెట్ ఉన్నాయి. కొత్తగా కలిపితే ఆ నీళ్లని ఒక రోజు పంపుతో తిప్పాకే వాడాలి. ఏం చేద్దామని నేనింకా తచ్చాడుతుండగానే మా ఆవిడ పొగమంచులో లాడ్జి వైపు నడిచిపోయింది. అడ్డుపడదామనుకున్నాను. చేపల నోళ్లు చూసి ఆగిపోయాను.

ఆయన లుంగీ మీదే, ఇద్దరు పనివాళ్ల చేత రెండు డ్రమ్ముల నీళ్లు మోయించుకొచ్చాడు. తను దాచుకున్న నీళ్లన్నీ అవే.

"ఏటేసినావు బావా ఇందులో?"

చెప్పాను.

"టానిక్కా? మనుషులు తాగే టానిక్కా?" అని నా మొహం చూసి, ఇంకేమీ అనకుండా, "సర్లే. బేగి పైపు పట్టు" అన్నాడు.

వెక్కిరించి ఉంటే బాగుండేది. మోకాళ్ల మీద కూచుని, రెండు గంటలు నా తొట్టి నీళ్లు తోడిపోశాడు. ఆ పసుపు చేపా, ఊదారంగు పగడమొకటీ పోయాయి. మిగతావి నిలబడ్డాయి. వెళ్తూ వెళ్తూ చొక్కా జేబులోంచి ఒక చిన్న గోధుమరంగు సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"నీళ్లు తేటపడ్డాక ఇదెయ్యి. నాను ఏసేది ఇదే."

సీసా మీద కాగితం అతికించి ఉంది. 'రోజుకి మూడు చుక్కలు. ఎక్కువ వద్దు.' ఆ 'ళ' లాగా మెలితిప్పిన 'క', ఆ గుండ్రటి కొమ్ములు నాకు బాగా తెలుసు. మా ఇంట్లో సరుకుల చీటీలన్నీ ఆ చేతిరాతలోనే ఉంటాయి.

ఆయన వెళ్లాక మా ఆవిణ్ని అడిగాను. ఆమె తడిసిన నేల తుడుస్తోంది.

"ఇది నీ రాతేనా?"

"నాదే. అందులోదీ నేను కలిపిందే."

"నాకు చెప్పకుండా వాళ్లకి చెప్పావా?"

ఆమె తుడవడం ఆపి నావైపు చూసింది. "మీకే ముందు సెప్పాను. దసరా ఎల్లిన వారం. వరి నారుమడి తెల్లబడితే మా నాన్న అన్నభేదీ నిమ్మ ఉప్పూ కలిపి కొట్టేవాడు, మూడోనాటికి పచ్చబడేది, ఇదీ అలాటిదేమో సూడండి అన్నాను. మీరేటన్నారు?"

"ఏమన్నాను?"

"ఇది సముద్రం, మీ నాన్న మడి కాదు అన్నారు. అని ఫోను సూసుకున్నారు."

నాకు గుర్తు లేదు. కానీ నేను అనే మాటలాగే ఉంది.

ఆ తర్వాత లాడ్జి ఆయన భార్య నాచు సంగతి ఎత్తినప్పుడు మా ఆవిడ ఇదే చెప్పిందట. వాళ్లిద్దరూ కూచోబెట్టి మరీ విన్నారట. ఆయన నాలుగుచోట్ల విచారించి, అన్నభేది అంటే ఇనుప లవణమేనని, కానీ పొలానికి కొట్టేదాంట్లో రాగిలాంటివి కలిసి ఉంటాయని, అది పగడాలకి విషమని తెలుసుకుని, విశాఖపట్నంలో కెమికల్స్ అమ్మే షాపు నుంచి శుద్ధమైనది తెప్పించాడట. ఎవరికీ చెప్పొద్దని మా ఆవిడే అందట.

"తెలిస్తే మీరు నవ్వుతారని" అంది. "వాళ్లింట్లో ఎవరూ నవ్వలేదు."

అంతవరకు నా కడుపుమంట ఆయన నాచు మీదే. ఆ మాటతో అది వేరే చోటికి మారింది. మా ఆవిడ ఆ ఇంట్లో కుర్చీలో కూచుని చెబుతుంటే ఇద్దరు మనుషులు శ్రద్ధగా వింటున్న దృశ్యం నాకు కళ్లకి కట్టింది. పాతికేళ్ల కాపురంలో ఆమె నాకలా ఏదీ వివరించినట్టు గుర్తులేదు. నేను కూచుంటే కదా.

మూడు రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాను. ఆ సీసా ముట్టుకోలేదు. నాలుగో రోజు శుక్రవారం. సంతకొచ్చిన జనం పల్చబడ్డాక షాపు పెందలాడే కట్టేసి ఇంటికొచ్చి, "నాకూ కలిపి చూపించు" అన్నాను.

ఆమె లాడ్జి వాళ్లింటికి వెళ్లి అన్నభేది పొట్లం తెచ్చింది. లేత ఆకుపచ్చ రంగులో కలకండ పలుకుల్లా ఉంది. గాజు గిన్నెలో శుద్ధి చేసిన నీళ్లు పోసి ముందు నిమ్మ ఉప్పు కరిగించింది. అందులో వంటసోడా చిటికెడు చిటికెడుగా వేస్తుంటే బుసబుసా పొంగింది.

"ఇదెందుకు?"

"పులుపు సావాలి. పొంగడం ఆగిందంటే సచ్చినట్టు. అప్పుడు అన్నభేది. ఒట్టి అన్నభేది ఏసీసినారనుకోండి, తుప్పైపోయి అడుక్కి దిగిపోతాది. నిమ్మ ఉప్పు దాన్ని పట్టుకుని ఉంతాది."

పలుకులు వేసి గాజు పుల్లతో తిప్పింది. లేత పచ్చటి నీళ్లయ్యాయి. రెండ్రోజులకి టీ డికాషన్ రంగుకి తిరుగుతాయని, భయపడొద్దని చెప్పింది. నేను షాపు నుంచి తెచ్చిన సిరంజితో సీసాకెక్కించబోతే చేతి మీద చిన్నగా కొట్టి, ముందు సీసా ఆరిందో లేదో చూడమంది. చూశాను. ఆరలేదు. మళ్లీ తుడిచాను.

రోజుకి మూడు చుక్కలు వేశాం. పదో రోజుకి నాచు చివర్లో గోరంత పచ్చదనం కనపడింది. నెల తిరిగేసరికి నేనూ కోసి పారబోసే స్థితికి వచ్చాను. నేను కోరుకున్నది అదే కదా, అక్కడితో ఆ మంట చల్లారాలి. చల్లారలేదు.

మాఘంలో ఒక సాయంత్రం ఇద్దరం లాడ్జికి వెళ్లాం. హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబమొకటి తొట్టి ముందు నిలబడి ఉంది. వాళ్లింట్లోనూ ఇలాంటిదే ఉందట, నాచు బతకడం లేదట. లాడ్జి ఆయన మా ఆవిణ్ని చూడగానే, "అదుగో, మా సెల్లెమ్మొచ్చింది. ఈ మందు తనదే. తన్నే అడగండి" అన్నాడు. వాళ్లు ఆమె చుట్టూ మూగారు. ఆమె కాగితం తీసుకుని, ఏది ఎంత వెయ్యాలో రాసిస్తూ, నాకు చెప్పినదానికంటే వివరంగా చెప్పింది. నేను చెప్పులు విప్పిన దగ్గరే నిలబడిపోయాను. మీరెవరని నన్నెవరూ అడగలేదు.

తిరిగొస్తుంటే ఆమె అడిగింది. "కోపమొచ్చిందేటి?"

"లేదు."

"మరేటి? మాటాడరు?"

మా గేటు గడియ తీస్తూ, "కుళ్లు" అన్నాను. ఆ మాట నా నోటితో నా గురించి అనడం అదే మొదలు.

"అన్నయ్య మీదా? నా మీదా?"

"ఇద్దరి మీదా."

"అయితే పర్లేదు. నా ఒక్కదాని మీదే అయితే బాధపడుదును" అంది.

సీసా అయిపోవచ్చినప్పుడల్లా ఇప్పుడు ఇద్దరం కూచుని కలుపుతున్నాం. వంటసోడా వేసే పని నాకిచ్చింది. ఇప్పటికీ లాడ్జి గుమ్మంలో అడుగుపెడితే ఆయన పలకరింపుకి జవాబు చెప్పకముందే నా కళ్లు కింది బీరువా వైపు వెళ్తాయి, ఎవరి నాచు ఎక్కువ పచ్చగా ఉందా అని. మొన్న ఆయనదే.